పులి పోయింది, చారలున్నయ్

రాజమల్లు అబద్ధమాడుదామని ఏనాడూ నోరు తెరవడు. నిజమే మొదలుపెడ్తడు. అయితే ఆ నిజం ఆయన నోట్లె రెండు నిమిషాలు ఉన్నదంటే నానబోసిన శెనగలెక్క ఉబ్బుతది. ఉబ్బినంక ఇగ అది ఆయన మాట గూడ వినదు. ఈ సంగతి హన్మకొండ చౌరస్తల చాంద్ పాషాకు తెలిసినంత మంచిగ ఇంకెవలికీ తెల్వదు. రోడ్డుకు ఈ పక్క పాషా హోటల్, ఆ పక్క రాజమల్లు ఫోటో స్టూడియో. ఇరవై ఏండ్ల సంది రాజమల్లు తాగిన చాయ్‌లన్నీ పాషా పోసినయే, చెప్పిన ముచ్చట్లన్నీ పాషా విన్నయే. మొదటి చాయ్ ముచ్చట నమ్మొచ్చు. రెండో చాయ్ ముచ్చటల సగం తీసెయ్యాలె. మూడో చాయ్ పోస్తే మాత్రం తప్పు పోసినోనిదే.

ఎనభై నాలుగుల, రేపు పెత్తరమాస అనంగ, మజ్జాన్నం. పోయినోళ్ల పేరు మీద బియ్యమిచ్చే పండుగ గనుక ఫోటో స్టూడియోలకు పెండ్లిళ్ల కన్న అప్పుడే గిరాకి ఎక్కువ. బతికున్నన్ని రోజులు ఒక్క ఫోటో దిగనోళ్లందరికీ పోయినంక ఫోటో కావాలె. మనుమరాలి బారసాల ఫోటోలకెల్లి తాతను ఒక్కన్ని బయటికి తియ్యాలె, బస్ పాస్ మీది గోరంత ముఖాన్ని గోడకు పట్టేంత చెయ్యాలె. ఆ పనిల రాజమల్లు చెయ్యి మంచిదేనని ఊరంత అంటది. నోరు సంగతి గూడ ఊరంత అంటది.

తొర్రూరు బస్సు దిగి శకుంతల అనే ఆమె స్టూడియో ముంగట నిలబడ్డప్పుడు రెండు దాటింది. ముప్పై ఆరేండ్లుంటయేమో, కాని చెంపలు నెరిసినయ్, కండ్లద్దాలు మందంగ ఉన్నయ్. చేతిల బట్ట సంచి. రాజమల్లు బయటికొచ్చి ఆమెను రోడ్డు దాటించి, సీదా పాషా హోటల్ బెంచి మీద కూసోబెట్టిండు.

"నీ చెల్లె ఫోటో ఎప్పుడో అయిపోయింది చెల్లె. ఫ్రేము కట్టనీకి సారయ్య దగ్గరికి పంపిన. అరగంటల పట్టుకొస్తడు. జర చాయ్ తాగు. పాషా, రెండు చాయ్!"

"నాలుగింటి బస్సుకు పోవాలె అన్నా," అన్నది శకుంతల. "రేపు పొద్దుగాల్నే బియ్యమియ్యాలె."

పాషా చాయ్ తెచ్చి పెట్టుకుంట, "ఎవలక్కా పోయింది?" అని అడిగిండు.

"మా చెల్లె సరస్వతి. కాన్పుల పోయింది, మూడేండ్లయితాంది. పిల్ల దక్కింది. నేనే సాదుతాన." ఆమె గ్లాసును రెండు చేతుల మధ్యల పెట్టుకున్నది. "పిల్ల నన్నే అమ్మా అంటది. ఇంట్ల అందరు అట్లనే అననీ అంటరు. నాకు మనసున పడుత లేదు. కన్నతల్లి ముఖమెట్లుంటదో పిల్లకు తెల్వాలె గద. రేపు బియ్యమిచ్చేటప్పుడు ఫోటో ముంగట కూసోబెట్టి, గీమె మీ అమ్మ బిడ్డా అని చూపెడుదామని."

"ఒక్క ఫోటో గూడ లేకుండెనా ఇంట్ల?"

"ఒక్కటే ఉన్నది. పదేండ్ల కింద మా మేనమామ కొడుకు లగ్గంల అందరం కలిసి దిగింది. మా ఆయన భాస్కర్ తెచ్చి ఈ అన్నకిచ్చిండు. సరస్వతి లగ్గానికి ఫోటోలు తీసినాయన రీలే ఎక్కియ్యలేదట. మూడు దినాలు ఉత్తగనే నవ్వినం."

"ఆడు ఫోటోగ్రాఫరా?" అన్నడు రాజమల్లు. ఆ మాటతోని ఆయన కాలు మీద కాలేసుకున్నడు. చాయ్ సాసర్ల పోసుకున్నడు. పక్క బెంచి మీద పేపర్ చదువుతున్న బట్టల దుకాణం వీరభద్రం శేఠ్ పేపర్ మడిచి పక్కకు పెట్టిండు. ఇగ మొదలైతదని ఆయనకు తెలుసు.

"జర ఫికర్ చెయ్యకు చెల్లె. నా చేతిల పడ్డ మనిషి ఎటూ పోడు. ఎందుకంటవా? నా దగ్గర చిట్టీ ఉంటది. కేసముద్రంల రాజేశ్వర్ రావు అని పత్తి వ్యాపారి, నలుగురు అన్నదమ్ములు. నలుగురిని ఒక్క దగ్గర నిలబెట్టి ఫోటో తీసుడు ఎవనితోని కాలే. ఒకడొస్తె ఇంకోడు రాడు, వచ్చినా ముఖాలు నాలుగు దిక్కులు. మరి నేనేం చేసిన? ఒక్కొక్కన్ని ఒక్కొక్క దినం పిలిచి ఒక్కొక్క ఫిల్ము మీద తీసిన. గోడ ఒక ఫిల్ము, కుర్చీలు ఒక ఫిల్ము, అన్నదమ్ములు నాలుగు ఫిల్ములు. చీకటి గదిల కూసోని ఒకటే కాయితం మీద ఒకని తర్వాత ఒకన్ని దించిన. గోడకు ఆరు సెకన్లు, పెద్దాయనకు తొమ్మిది, నడిపాయన నల్లగుంటడు గనుక పద్నాలుగు. ఎవలు ముందు, ఎవలు ఎనుక, ఎవలు కనబడాలె, ఎవలు కనబడొద్దు, మొత్తం ఒక చిట్టీ మీద రాసి తీగకు గుచ్చిన. ఇగ ఎప్పుడు కావాలన్నా చిట్టీ చదువుకుంట పోతే చాలు, చేతులు వాటంతటవే చేస్తయ్, అదే ఫోటో మల్ల పుట్టుకొస్తది."

పాషా తలూపిండు. ఆ ఫోటో ఆయన కండ్లార చూసిండు. నలుగురు అన్నదమ్ములు భుజాల మీద చేతులేసుకొని, ఒకరి మొఖం ఒకరు చూడకుండ, నవ్వుకుంట ఉన్నరు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నెల తిరగకముందే పత్తి తూకమేసే కాంట దగ్గర కొట్లాట. రాజేశ్వర్ రావు ఉరికొచ్చిండు. మా నడిపోన్ని ఫోటోలకెల్లి తీసెయ్ అన్నడు. తీసేసిన. ఎంతసేపు? చిట్టీ మీద నడిపాయన పేరు ఎదురుంగ సున్న పెట్టిన, అంతే. ఆయన ఉన్న జాగల గోడ వచ్చింది. మల్ల దసరాకు కలిసిపోయిండ్రు, మల్ల పెట్టుమన్నడు. పాత చిట్టీ తీసి చదివిన. మనిషి దిగిండు. ఎట్ల దిగిండు? అంగి మీది ఈగతోని సహ దిగిండు. ఆ ఈగను చూసి రాజేశ్వర్ రావు ఏడ్చిండు."

"ఈగను చూసా?" అన్నడు వీరభద్రం.

"తమ్మున్ని చూసి. ఈగను చూసి నవ్విండు. మల్ల కొట్లాడిండ్రు, మల్ల తీసిన. ఇగ అది అలవాటైపోయింది శేఠ్. సోమారం తీసుడు, గురువారం పెట్టుడు. గట్ల తీసుడు పెట్టుడుల, ఒక సోమారం నా చెయ్యి జర గట్టిగ పడ్డది."

రాజమల్లు గ్లాసు ఖాళీ అయింది. వీరభద్రం పాషా దిక్కు చూసి వేలు లేపిండు. పాషాకు పోయబుద్ధి కాలేదు, కాని గిరాకి గిరాకే. రెండో చాయ్ పోసిండు.

"గట్టిగ పడ్డదంటె?" అన్నడు వీరభద్రం.

"ఫోటోలకెల్లి తీసిన అనుకున్న. తెల్లారి నడిపాయన కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయిండు. ఒక్కడు నమస్తె పెట్టలే. కాంట ముంగట నిలబడి నా పత్తి నా పత్తి అని మొత్తుకుంటాండు, హమాలీలు ఆయన ఒంట్లకెల్లే బస్తాలు మోసుకపోతాన్రు. బస్సెక్కిండు, కండక్టర్ టికెట్ అడగలే. కూసున్నడు, ఒక ముసలామె వచ్చి ఆయన ఒళ్లెనే కూసోని పాన్ డబ్బ తీసింది. ఇంటికి పోయిండు, పెండ్లాము ఆయన ఎదురుంగనే తలుపు పెట్టి గొళ్లెమేసుకున్నది. ఇగ దిక్కు లేక నా స్టూడియోకు వచ్చిండు."

"కనబడనోడు వచ్చిండని నీకెట్ల తెలిసె?" పాషా ఉండబట్టలేక అడిగిండు.

"గొంతు వచ్చింది పాషా. గొంతు ఒక్కటే వచ్చింది. గొంతు ఫిల్ము మీద ఎక్కదు గద, అందుకని అది మిగిలింది. స్టూల్ మీద కూసోమన్న. స్టూల్ కిర్రుమన్నది. చిట్టీ తీసి చదువుకుంట పోయిన, పద్నాలుగో సెకనుకు మనిషి వచ్చిండు, బటన్లతోని సహ. ఒక్క బటన్ గూడ తక్కువ రాలే. అడుగుండ్రి ఆయన్ని."

వీరభద్రం నవ్వలే. రాజమల్లు ముచ్చటల నవ్వితే ముచ్చట ఆగిపోతదని ఆయన భయం. మీసం సరిచేసుకొని, "అన్నీ ఇట్ల సక్కగనే వచ్చినయా, ఏనాడన్న తప్పినవా?" అన్నడు.

"తప్పిన. ఎందుకు అబద్ధమాడాలె? ఒక్కసారి తప్పిన. ఏటూరునాగారం అడవిల. అక్కడొక ఆఫీసర్ ఉండె, పేరొద్దు, రిటైర్ అయి మంచిగున్నడు. ఆయన అడవిల పులి ఒక్కటే ఉండె, అది గూడ ముసల్ది. పై నుంచేమో పులులెన్ని, పులులెన్ని అని ఒక్కటే కాయితాలు. నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నడు. పోయిన. ఆ ముసలి పులిని బతిమిలాడి ఫోటో తీసిన. ఒళ్లు ఒక ఫిల్ము, చారలు ఒక ఫిల్ము, కండ్లు ఒక ఫిల్ము. పది చిట్టీలు రాసిన, పది జాగలల్ల దించిన. ముసల్దాన్ని కలుపుకొని పదకొండు పులులయినయ్. ఆఫీసర్ కు ప్రమోషన్."

"మరి తప్పిందేంది?"

"ఆగు. పులులెక్కువయినంక ఊర్లె ఆవులు పోతానయ్. పదిని తీసెయ్ రాజమల్లు అన్నడు. సరేనని తీసిన. వానకాలం, చిట్టీ జర నానింది, ఆఖరి లైను చెదిరింది. ఏం మర్చిపోయిననో ఎరుకేనా? పులిని తీసిన, చారలను మర్చిపోయిన. పులి పోయింది, చారలున్నయ్. చారలు ఒక్కటే అడవిల తిరుగుతానయ్."

హోటల్‌ల అందరు ఒక్క గడియ ఆ చారలను తలుసుకున్నరు.

"పది జతల చారలు. వాగుల నీళ్లు తాగనీకి వచ్చేటియి. నోరు లేదు గద, ఉత్తగ నిలబడి చూసి పోయేటియి. కోయోళ్లు మొదాలు భయపడ్డరు, నెల రోజులకు అలవాటు పడ్డరు. చీకట్ల ఎవలన్న ఎదురైతె, మనిషా చారలా అని అడిగి పోయేటోళ్లు. ఆఖరికి మల్ల పోయి చిట్టీ పట్టుకొని అన్నిటిని వాపస్ పిలిచిన. తొమ్మిది వచ్చినయ్. ఒక్కటి రాలే. చూస్తే ఏముంది, అది పోయి ఒక మేక మీద పడ్డది. ఆ మేక ఇగ గడ్డి ముట్టలే. ఆ ఇంటాయన దాన్ని ముట్టలే."

శకుంతల ఫక్కున నవ్వింది. నవ్వినంక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వచ్చినప్పటి నుంచి ఆమె మొఖం మీద నవ్వు రాలేదని పాషాకు అప్పుడు తెలిసింది. ఎందుకో ఆయనకు రాజమల్లు మీద కోపం తగ్గింది. అయితే గోడ గడియారం మూడు దాటింది, సారయ్య జాడ లేదు.

"ఫ్రేము ఇంకెంత సేపు అన్నా?" అన్నది ఆమె.

"వస్తాండు వస్తాండు. పాషా, చెల్లెకు ఉస్మానియా బిస్కట్ పెట్టు. నాకింకో చాయ్."

"మూడోదొద్దు భాయ్," అన్నడు పాషా.

"నా లెక్కల పొయ్యి," అన్నడు వీరభద్రం.

పాషా పోసిండు. తప్పు తన మీదికి రాకుండ గ్లాసు వీరభద్రం ముంగటనే పెట్టిండు. రాజమల్లు చెయ్యి చాపి దాన్ని తీసుకున్నడు.

"మేక సంగతి చిన్నది," అన్నడు. "మీరు ఎనభైల గ్రహణం చూసిండ్రా?"

"మూడు దాటినంక చీకటైంది. తలుపులు పెట్టుకొని ఇంట్లనే ఉన్నం," అన్నడు వీరభద్రం.

"గ్రహణమని ఎవలన్నరు?"

"పంచాంగంల ఉండె. పేపర్ల నెల ముందే పడ్డది."

"పడకేమైతది? నెల ముందే చెప్పిన గద నేను, ఫలాన దినం ఫలాన టైంకు కడుగుత అని." రాజమల్లు సాసర్ కింద పెట్టిండు. "పద్మాక్షి గుట్ట ఎక్కి హన్మకొండ మొత్తాన్ని తీసిన శేఠ్. ఇండ్లు ఒక ఫిల్ము, చెట్లు ఒక ఫిల్ము, బస్సులు, మనుషులు, ఆకాశం, సూర్యుడు, అన్నీ వేరే వేరే. నూట నలభై ఫిల్ములు, ఒక్క చిట్టీ. చిట్టీ పొడుగు ఈడికెల్లి బస్టాండ్ దాక. సూర్యుని ఫిల్ము మీద ఒక మచ్చ పడ్డది, వేలుముద్రో ఏందో. రెండు నిమిషాలు పక్కకు తీసి కడిగి పెడ్తె అయిపోతది గద అనుకున్న. తీసిన. చౌరస్త మొత్తం చీకటి. కాకులు గూళ్లకు పోయినయ్, కోళ్లు గంపలల్ల దూరినయ్. నేను కడిగిన, ఆరబెట్టిన, ఇగ వాపస్ పెట్టాలె. సూర్యుడు ఎన్నో నంబరు, ఎన్ని సెకన్లు? చిట్టీ చూద్దామంటే చీకటి."

వీరభద్రం ముంగటికి వంగిండు.

"సూర్యుడుంటే గాని చిట్టీ కనబడది, చిట్టీ కనబడితే గాని సూర్యుడు రాడు. నా బతుకుల నేను భయపడ్డది ఆ ఒక్కనాడే. పోయింది రాజమల్లు, హన్మకొండ ఇగ ఇట్లనే ఉంటది, వరంగల్లోళ్లు టికెట్ పెట్టుకొని చీకటి చూడనీకి వస్తరు అనుకున్న. తడుముకుంట తడుముకుంట రోడ్డు దాటి ఈ హోటల్‌కే వచ్చిన. పాషా! నువ్వు చెప్పు, ఆ దినం అగ్గిపెట్టె నువ్వే ఇచ్చినవా లేదా?"

పాషాకు యాదికొచ్చింది. ఆ దినం హోటల్ తలుపులు మూసుకొని లోపట అందరు బల్ల కింద దాక్కున్నరు. అందరికన్న లోపలికి, గోడకు ఒత్తుకొని కూసున్నది రాజమల్లే.

"ఇచ్చిన," అన్నడు. "బీడీకి."

"బీడీ సాకు. ఊరు భయపడ్తదని చెప్పలే. ఆ అగ్గిపుల్ల ఎలుగుల చిట్టీ చదివిన, సూర్యున్ని తెచ్చి పెట్టిన. వచ్చిండు. ఇంతకు ముందుకన్న జర ఎక్కువనే ఎలుగుతాండు, కడిగిన గద. ఆ ఏడు ఎండలెట్లున్నయో మీకు తెల్వదా?"

ఆ ఏడు ఎండలు నిజంగనే ఎక్కువున్నయ్. రాజమల్లు శకుంతల దిక్కు తిరిగిండు. ఆయన గొంతు మెత్తబడ్డది.

"ఎందుకు చెప్తాన చెల్లె? సూర్యున్నే పోనియ్యలే, నీ చెల్లెను పోనిస్తనా? పన్నెండు దినాలు ఆమె ముఖం మీదనే కూసున్న. నేను ఒక్కసారి పెన్సిల్ పెట్టి దిద్దిన ముఖాన్ని లక్ష మందిల నిలబెట్టు, పేరు పెట్టి పిలుస్త. ఆమె ఇప్పుడు ఈ తలుపులకెల్లి లోపలికొచ్చిందనుకో, బంగారమసొంటి నీ కనుబొమ్మ మీద ఆ చిన్న గాటు గూడ నేనే నింపిన బిడ్డా అంట."

శకుంతల గ్లాసు కింద పెట్టింది.

"మా చెల్లెకు గాటు లేకుండె అన్నా."

"ఉండె. నీకు యాది లేదు. అక్కవు, నువ్వు ప్రేమతోని చూసినవు. నేను భూతద్దంతోని చూసిన."

ఆమె ఇంకేదో అనబోయింది. అంతల్నే సారయ్య చంకల న్యూస్ పేపర్ చుట్టిన ఫ్రేము పెట్టుకొని వచ్చిండు. అద్దం కోసుడు ఆలస్యమైందని చెప్పుకుంట బల్ల మీద నిలబెట్టి పురికొస విప్పిండు. పాషా ఉప్పు డబ్బ, గ్లాసులు జరిపి జాగ చేసిండు.

ఫోటో నిజంగనే మంచిగుండె. పాతికేండ్ల ఆడిమనిషి, మెడ దాక. పెద్ద కొప్పు, ముక్కుపుల్ల, నొసట ఎర్రటి బొట్టు. రెండు పక్కల రెండు దీపాలు రాజమల్లే రంగులతోని దిద్దిండు. చెంపలకు జర గులాబి పూసిండు. కింద దస్తూరి తోని రాసి ఉన్నది, స్వర్గీయ సరస్వతి అని. వీరభద్రం గూడ శభాష్ అన్నడు.

శకుంతల ముందుకు వంగి చూసింది. చానసేపు చూసింది.

"మంచిగొచ్చింది," అన్నది. "లగ్గమైన కొత్తల నేను గిట్లనే ఉంటి."

ఎవలికీ ఎంబడే సమజ్ కాలే. ఆమె కండ్లద్దాలు తీసి పైట కొంగుతోని తుడిచింది, మల్ల పెట్టుకోలేదు. అప్పుడు పాషా చూసిండు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. బల్ల మీది ముఖం చూసిండు, బెంచి మీది ముఖం చూసిండు. పదేండ్లు, నెరిసిన చెంపలు, ఇన్ని దినాల రంది, అన్నీ తీసేస్తే రెండూ ఒక్కటే ముఖం.

"నేను బతికే ఉన్న అన్నా," అన్నది శకుంతల.

రాజమల్లు నోరు తెరిచిండు. పాషా ఎదురుచూసిండు. ఈయన ఇప్పుడు కవల పిల్లలంటడు, లేకపోతే చెల్లె పోయినంక అక్కకు చెల్లె ముఖమొచ్చిందంటడు, ఏదో ఒకటి అంటడు. రాజమల్లు నోరు మూసిండు. లేచి రోడ్డు దాటి స్టూడియోలకు పోయిండు. వాపస్ వచ్చేటప్పటికి ఒక చేతిల చిట్టీ, ఒక చేతిల ఫిల్ము. చిట్టీ బల్ల మీద పెట్టిండు. ఎడమ దిక్కామె ఉండాలె, మిగిలినోళ్లు కనబడకుండ ఎర్రసిరా పుయ్యాలె, గోడ తీసెయ్యాలె, పన్నెండు సెకన్లు అని రాసుంది.

"భాస్కర్ ఎడమ దిక్కామె అన్నడు," అన్నడు ఆయన.

"ఎడమ దిక్కు మా చెల్లెనే. కుడి దిక్కు చివరకు నేను. చెల్లె పక్కన నాయిన, నా పక్కన అమ్మ."

రాజమల్లు ఫిల్మును తలుపు ఎలుతురుకు లేపి పట్టుకున్నడు. ఎర్రసిరా నడుమ ఒక్క ముఖమే కనబడుతాంది. నెమ్మదిగ దాన్ని తిరగేసి పట్టుకున్నడు. ఆ ముఖం ఎడమ దిక్కుకెల్లి కుడి దిక్కుకు పోయింది.

"చిట్టీ తప్పు లేదు," అన్నడు. "నేనే ఫిల్ము తిరగేసి పెట్టుకున్న. ఎడమ కుడైంది. సిరా నీ చెల్లె మీద పూసిన."

ఇరవై ఏండ్లల్ల మూడో చాయ్ తర్వాత రాజమల్లు నోట నిజం వినుడు పాషాకు అదే మొదలు. వినబుద్ధి కాలేదు.

శకుంతల ఫ్రేము మీద చెయ్యి పెట్టింది. "ఇది పట్టుకపోయి ఏం చెయ్యాలె అన్నా నేను? పిల్ల ముంగట పెట్టి గీమె మీ అమ్మ అంటె, ఇది నువ్వే గదనే అమ్మా అంటది. మూడేండ్ల సంది ఆ మాట అనిపించుకుంటాన, అన్నప్పుడల్ల చెల్లె సొమ్ము దొంగతనం చేసినట్టయితాంది. రేపటితోనన్న అది దించుకుందామని వచ్చిన." ఏడుపు ఆపుకోలేదు, దాచుకోలేదు. కొంగుతోని ముఖం తుడుచుకొని ఫ్రేమును రాజమల్లు దిక్కు జరిపింది. "సూర్యున్ని రెండు నిమిషాలల్ల తెచ్చిన అంటివి. నాకంత పెద్దది వద్దు. మా చెల్లె ఈ చివరకు కాదు, ఆ చివరకున్నది. ఆమెను తీసుకరా."

వీరభద్రం పేపర్ తీసి మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. పేపర్ తలకిందులుండె.

"అక్క ఇచ్చిన అసలు ఫోటో?" అన్నడు పాషా మెల్లగ. "దాని మీద గూడ పూసినవా ఏంది?"

"దాన్ని ముట్టలే. కవర్ల పదిలంగున్నది," అన్నడు రాజమల్లు. "ఆఖరి బస్సు ఎన్నింటికి చెల్లె?"

"ఏడింటికి."

రాజమల్లు ఫ్రేము చంకల పెట్టుకొని పోయిండు, స్టూడియో తలుపు పెట్టుకున్నడు. తలుపు మీది ఎర్ర బల్బు ఎలిగింది. నాలుగింటి బస్సు హారన్ కొట్టుకుంట చౌరస్త దాటిపోయింది. శకుంతల బెంచి మీదికెల్లి కదలలేదు. పాషా పొయ్యి మీద గిన్నె దించలేదు, గిరాకి వచ్చిపోతాంది, ఆయన కండ్లు మాత్రం ఆ ఎర్ర బుగ్గ మీదనే ఉన్నయ్. ఒకసారి చాయ్ కావాల్నా అని పాషా కేకేస్తే, రాజమల్లు తలుపు సందుకెల్లి చెయ్యి బయటికి పెట్టి వద్దని ఊపిండు. ఇరవై ఏండ్లల్ల రాజమల్లు చాయ్ వద్దనుడు పాషా చూడలే.

ఆరున్నర అయితాంటే తలుపు తెరుచుకున్నది. రాజమల్లు రోడ్డు దాటి వచ్చి, రెండు తెల్ల కాయితాల నడుమకెల్లి ఫోటో తీసి బల్ల మీద పెట్టిండు. ఇంకా పూర్తిగ ఆరలేదు. రంగు లేదు, దీపాలు లేవు, పేరు గూడ లేదు. పద్దెనిమిది పందొమ్మిదేండ్ల పిల్ల, ఫోటో తీసెటాయన మీద నమ్మకం లేనట్టు కొంచెం అనుమానంగ చూస్తాంది. పెన్సిల్ ముట్టినట్టు లేదు. కింద మూలకు ఒక కండువ కొస మిగిలింది.

"మీ నాయినది," అన్నడు రాజమల్లు. "దాన్ని తీస్తె ఆమె భుజం పోతాంది. ఉంచిన."

శకుంతల ఫోటోను ముట్టుకోలేదు, తడి గద. చేతులు రెండు పక్కల పెట్టి మీదికి వంగింది. "సరస్వతే," అన్నది. "నాయిన కండువ ఉండనీ అన్నా. ఆయనే పెంచిండు మమ్ముల."

వీరభద్రానికి ఉండబట్టలే. "ఎట్ల చేసినవు రాజమల్లు?" అని అడిగిండు.

అందరు రాజమల్లు దిక్కు చూసిండ్రు.

"మల్ల కాపీ తీసిన," అన్నడు ఆయన.

పాషా అట్ట ముక్కలు రెండు వెతికిచ్చిండు. వాటి నడుమ ఫోటో పెట్టి, ఊపిరాడేటట్టు పురికొస వదులుగ కట్టి, శకుంతల సంచిల నిలువుగ పెట్టుకున్నది. బస్సుకు ఇంకా పావుగంట ఉన్నది. ఆమె మెట్లు దిగుతాంటే రాజమల్లు ఉరికి స్టూడియోలకు పోయి, ఆ పెద్ద ఫ్రేము రెండు చేతుల పట్టుకొని ఎదురుంగ వచ్చి నిలబడ్డడు. అద్దం తుడిచిండు. దీపాల నడుమ ఎర్ర బొట్టుతోని శకుంతల తళతళ మెరుస్తాంది.

"మరి దీన్నేం చెయ్యాలె చెల్లె?"

శకుంతల ఆగి దాన్ని ఇంకోసారి మంచిగ చూసింది. సంచి ఈ భుజం మీదికెల్లి ఆ భుజానికి మార్చుకున్నది.

"నీ దగ్గర్నే ఉండనీ అన్నా," అన్నది. "దానికి తొందరేం లేదు."